పేరు పెట్టని పిల్ల: పెరట్లో 12 కోడిపిల్లలు, ఒక కేస్ స్టడీ

పశువైద్యం నా వృత్తి. పెరటి కోళ్ల మీద ఊళ్లలో ఎన్ని మీటింగుల్లో మాట్లాడానో లెక్కలేదు. మొదటి వారం ఎంత వేడి ఉండాలి, ఏ రోజు ఏ టీకా వెయ్యాలి, పిల్లల్ని ఎప్పుడు బయటికి వదలాలి, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ పోయిన నవంబరు దాకా ఒక్కరోజు పిల్లని తెచ్చి, అది గుడ్డు పెట్టే దాకా నా చేత్తో పెంచింది లేదు. మాది తణుకు పక్కన పల్లె. చుట్టూ వేలకు వేలు కోళ్లున్న లేయర్ ఫారాలు, అంటే గుడ్ల కోసం పెంచేవి. అక్కడ నేను చూసేది షెడ్డుని, కోడిని కాదు. ఇవాళ ఎన్ని పోయాయి, మేత ఎంత మిగిలింది, గుడ్లు ఎన్ని తగ్గాయి అని అడిగితే చాలు, జబ్బు సగం తెలిసిపోతుంది. 12 పిల్లలున్న పెరట్లో ఆ లెక్కలు నడవవు. లెక్కలో తేడా కనపడేసరికి ఒకటి చచ్చిపోయి ఉంటుంది.

పిల్లల గుణాలు గమనించడం మా అమ్మాయి కోసం, సరదాగా మొదలైంది. అయిదో వారానికి నా దగ్గరున్న పరీక్షలన్నిటిలోకీ అదే ముందుగా పనికొచ్చింది. ఒక పిల్ల విషయంలో అదే నన్ను దారుణంగా మోసం చేసింది కూడా. ఈ కేసు రాయడానికి కారణం ఆ రెండో సంగతే.

తెచ్చినవి, పెట్టిన చోటు

నవంబరు మొదటి వారంలో 12 వనరాజా పిల్లల్ని తెచ్చాను. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం ఇది. రంగురంగుల ఈకలు, పొడుగు కాళ్లు, చూడటానికి నాటుకోడిలాగే ఉంటుంది. నాటుకోడి కన్నా త్వరగా బరువెక్కుతుంది, గుడ్లు ఏడాదికి వందకి కాస్త పైన పెడుతుంది. గుడ్లే ముఖ్యం అనేవాళ్లకి నేను గ్రామప్రియ అనే రకం తీసుకోమంటాను. మాకు గుడ్డూ కావాలి, పండక్కి పుంజూ కావాలి. మారెక్స్ జబ్బు రాకుండా వేసే టీకా హేచరీలోనే వేసి ఇచ్చారు. తూస్తే ఒక్కో పిల్ల 35, 38 గ్రాములు ఉంది.

సరిగ్గా అదే వారం మా అత్తయ్య గంప కింద పొదగేసిన నాటు పెట్ట 9 గుడ్లకి 6 పిల్లల్ని చేసింది. ఆవిడ పిల్లలకి బల్బు లేదు, థర్మామీటరు లేదు, తల్లి ఉంది. ఇలా అనుకోకుండా పోల్చి చూసుకోవడానికి నాకు ఇంకో గుంపు దొరికింది.

మా పిల్లల కోసం వెనక వసారాలో అట్టపెట్టెలు విప్పి గుండ్రంగా గార్డు కట్టాను. మూలలుంటే పిల్లలు అక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కి, అడుగున పడ్డది ఊపిరాడక చస్తుంది. కింద రెండంగుళాల మందాన వరి ఊక, దాని మీద న్యూస్ పేపరు. పైన 60 వాట్ల బల్బు. ఈ బల్బు కోసం మూడు షాపులు తిరిగాను. "ఇంకా ఆ బల్బులెక్కడివండీ" అని ఎల్ఈడీ చేతిలో పెడతారు. ఎల్ఈడీ వెలుగిస్తుంది గాని పిల్లకి సరిపడా వేడి ఇవ్వదు. రాత్రంతా బల్బు వెలుగుతూనే ఉంది కదా, పిల్లలెందుకు చచ్చాయో అర్థం కాలేదు అనే ఫోన్లు ప్రతి చలికాలం వస్తాయి. నేను ముందు అడిగే ప్రశ్న, అది ఏ బల్బు అని.

మొదటి వారం పిల్లల ఎత్తులో 35 డిగ్రీలు, ఆ తర్వాత వారానికి 3 డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. థర్మామీటరు వేలాడదీశాను గాని రెండో రోజు నుంచి దాని వైపు పెద్దగా చూడలేదు. బల్బు కింద ముద్దగా చేరి కీచుమంటుంటే చలి. గార్డు అంచుకి పోయి ముక్కు తెరిచి రొప్పుతుంటే ఉక్క. అన్నీ ఒకే పక్కకి జరిగితే రెండో పక్క నుంచి ఈదురుగాలి కొడుతోందన్నమాట. అక్కడక్కడా చెల్లాచెదురుగా పడుకుని, మధ్యలో సన్నగా కిచకిచమంటుంటే మనం వెళ్లి పడుకోవచ్చు. మూడో రాత్రి కరెంటు పోయింది. కుంపటి పెట్టమని ఎవరో సలహా ఇచ్చారు. మూసిన వసారాలో బొగ్గు పొగ చలి కన్నా ప్రమాదం. వేడినీళ్లు పోసిన సీసాలు రెండు పాత తువ్వాళ్లలో చుట్టి మధ్యలో పెట్టాను. పిల్లలు వాటికి అతుక్కుని పడుకున్నాయి.

నా మొదటి తప్పు

ఊక మీద న్యూస్ పేపరు ఎందుకంటే, మొదటి రోజుల్లో పిల్లలు ఊకని మేతనుకుని తినకుండా. కానీ ఆ పేపరు నున్నగా ఉంటే కాళ్లు జారతాయి. పైన మొక్కజొన్న నూక దట్టంగా చల్లాలి, లేదా గరుకు గుడ్డ పరవాలి. ఇది నేను రైతులకి చెప్పేదే. నా ఇంట్లో మాత్రం రంగుల బొమ్మలున్న ఆదివారం అనుబంధం పరిచాను, అది మామూలు పేపరు కన్నా నునుపు.

రెండో రోజు సాయంత్రానికి ఒక పిల్ల రెండు కాళ్లూ చెరో పక్కకి చాపుకుని పొట్ట మీద కూలబడింది. లేవబోతుంటే కాళ్లు ఇంకా విడిపోతున్నాయి. మా అత్తయ్య వంగి చూసింది. "పేపరు మీద నువ్వైనా జారతావు, అమ్మాయ్. అది నిన్న పుట్టింది" అంది. మారు మాట్లాడలేదు.

వైద్యం తేలికే, ఆలస్యం చెయ్యకపోతే. గాయానికి వేసే ప్లాస్టరు పట్టీని సన్నగా కత్తిరించి, రెండు కాళ్లనీ మామూలుగా నిలబడినప్పుడు ఎంత ఎడం ఉంటుందో అంత ఎడంలో కలిపి కట్టాను. పేపరు తీసేసి గోనెపట్టా వేశాను. రోజుకి నాలుగైదు సార్లు నీళ్ల దగ్గరికీ మేత దగ్గరికీ చేత్తో తీసుకెళ్లాను. మొదటి రోజు పడుతూ లేస్తూ ఉంది. నాలుగో రోజు పట్టీ విప్పితే నిలబడింది. కుడికాలు మాత్రం కాస్త ఈడ్చినట్టు వేస్తుంది, ఇప్పటికీ అంతే. ఆ నడక చూసి మా అమ్మాయి దానికి తాతయ్య అని పేరు పెట్టింది.

పేర్లు

ఏది ఏదో తెలియకుండా గుణాలు రాసుకోలేం. దారం గాని రబ్బరుబ్యాండు గాని కాలికి కట్టకూడదు. పిల్ల కాలు వారంలో లావెక్కుతుంది, దారం కోసుకుని లోపలికి దిగుతుంది. గోళ్లకి నెయిల్ పాలిష్ వేశాం, ఒక్కోదానికి ఒక్కో రంగు, ఒక్కో వేలు. నాలుగు రోజులకోసారి మళ్లీ వెయ్యాలి. ఆ పని మా అమ్మాయిది.

మేత గిన్నె చప్పుడు కాగానే అందర్నీ తోసుకుని వచ్చేది సర్పంచ్. గుంపు నుంచి రెండడుగులు దూరమైతే చాలు, వీధి చివరికి వినపడేలా అరిచేది మైకు. ఎప్పుడు చూసినా ఈకలు దువ్వుకుంటూ, గుప్పెడు ఇసక పోస్తే అందులో ముందు పొర్లేది సింగారి. నేను పీట వేసుకుని కూచుంటే చీర కొంగులోకి దూరి నిద్రపోయేది కొంగు. గార్డు ఎగిరి దాటిన మొదటిది బుల్లెట్, తొమ్మిదో రోజునే. ఇంకో అయిదింటికీ పేర్లున్నాయి గాని ఈ కేసుకి వాటితో పని లేదు. పన్నెండోది గోధుమరంగు పిల్ల. అరవదు, తోసుకోదు, ఒళ్లోకి రాదు. "దీనికి తర్వాత పెడతాలే" అంది మా అమ్మాయి. కాగితంలో దాని ఎదురుగా గీత గీసి వదిలేశాం.

ఇదంతా మన ఊహేనా, నిజంగా గుణాలున్నాయా అన్న అనుమానం నాకూ ఉంది. అందుకే ఒక మొరటు పరీక్ష పెట్టాను. ఎర్ర ప్లాస్టిక్ గరిటె ఒకటి గార్డు మధ్యలో పెట్టి, ఎవరు ముందు వచ్చి పొడుస్తారో రాసుకోవడం. మూడో రోజు, ఏడో రోజు, పదో రోజు, పద్నాలుగో రోజు, ప్రతిసారీ వేరే వస్తువుతో. నాలుగుసార్లూ బుల్లెట్ మొదట వచ్చింది. నాలుగుసార్లూ పేరు పెట్టనిది చివరి ఇద్దరిలో ఉంది. మధ్యలో వాళ్లు అటూ ఇటూ మారారు గాని ఆ రెండు చివర్లూ మారలేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే పట్టుకున్నాను. గరిటె దగ్గరికి సర్పంచ్ అయిదో స్థానానికి ముందు ఎప్పుడూ రాలేదు. మేత దగ్గర మాత్రం బుల్లెట్‌ని కూడా తోసేస్తుంది. ధైర్యం వేరు, పెత్తనం వేరు. కోళ్లలో ఎవరు ఎవర్ని పొడవచ్చో ఒక వరస ఉంటుందని నార్వేకి చెందిన షెల్డెరుప్ ఎబ్బె 1920ల మొదట్లో రాశాడు. ఆయన చిన్నపిల్లవాడిగా ఉన్నప్పటి నుంచే ఇంటి కోళ్లని చూసి రాసుకునేవాడట. మా పిల్లల్లో మూడో వారం నుంచి రొమ్ములు విరుచుకుని ఎదురెదురుగా ఎగరడం మొదలైంది. అది చూసి కొట్లాట అని భయపడక్కర్లేదు. రక్తం కారేలా ఈకలు పీకితే మాత్రం ఇరుకైందనో, మేతలో మాంసకృత్తులు చాల్లేదనో, వెలుతురు మరీ ఎక్కువైందనో అర్థం.

టీకాలు

ఏడో రోజు లసోటా టీకా, కంట్లో ఒక చుక్క. పద్నాలుగో రోజు గంబోరో జబ్బుకి. ఇరవై ఎనిమిదో రోజు లసోటా రెండోసారి. ఆరో వారం కోడి మశూచికి, ఎనిమిదో వారం ఆర్2బి సూది. లసోటా, ఆర్2బి రెండూ కొక్కెర తెగులుకే. కుమావూ కొండల్లోని ఊరి పేరు మీద రాణిఖేత్ అని పిలిచే జబ్బు ఇదే. పెరటి కోళ్లని ఊడ్చిపెట్టేస్తుంది.

పెరటివాళ్ల కష్టమేమిటంటే, చిన్న సీసాలో కూడా 100 డోసులుంటాయి. కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి, అప్పటిదాకా ఐసులో ఉంచాలి. 12 పిల్లలకి 88 డోసులు పారబోయడం ఎందుకని సగంమంది అసలు వేయించరు. ముందురోజే మా వీధిలో చెప్పి, అత్తయ్య నాటు పిల్లలతో సహా ఎనిమిది ఇళ్ల కోళ్లకి ఒకే పొద్దున వేశాను. పక్కింటి కోడికి కొక్కెర వస్తే మన టీకాలు ఎంతవరకు ఆపుతాయో చూడాలనే ముచ్చట నాకు లేదు.

ముప్పై ఒకటో రోజు

డిసెంబరు మొదట్లో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురు. వసారాలోకి జల్లు కొట్టి ఒక పక్క ఊక తడిసింది. పైపైన తీసేసి పొడి ఊక కలిపాను. మొత్తం మార్చాల్సింది. పని ఎక్కువై మార్చలేదు.

ఆరు రోజుల తర్వాత పొద్దున గిన్నె మోగించాను. సర్పంచ్ మూడోదిగా వచ్చింది.

అంతే. కళ్లు మెరుస్తూనే ఉన్నాయి. రెక్కలు వేలాడెయ్యలేదు, ఈకలు ఉబ్బించుకోలేదు. నాలుగు గింజలు తిని పక్కకి జరిగి నిలబడింది, దాని చోటు ఇంకొకరు తీసుకుంటే ఊరుకుంది. ఫారంలో అయితే ఆ కోడిని నేను ఆరోగ్యంగా ఉన్నవాటిలో వేసేదాన్ని. కానీ ఈ పిల్ల ముప్పై రోజులుగా ఒక్క పూట కూడా తన చోటు వదల్లేదు. దాన్ని విడిగా గంప కింద తెల్ల కాగితం పరిచి ఉంచాను. రెండు గంటల్లో పడ్డ రెట్టలో గోధుమ ఎరుపు జీర. ఆస్పత్రికి తీసుకెళ్లి సూక్ష్మదర్శినిలో చూస్తే కాక్సీడియా గుడ్లు. ఊళ్లో రక్తపారుడు అంటారు. ఎప్పుడూ కొద్దో గొప్పో ఉండే సూక్ష్మజీవే ఇది. తడీ వెచ్చదనం దొరికితే దాని గుడ్లు రెట్టలో ఒకటి రెండు రోజుల్లో అంటుకునే స్థితికి వస్తాయి. మింగిన నాలుగైదు రోజులకి పేగు నుంచి రక్తం. ముసురు నుంచి లెక్కపెడితే రోజులు సరిగ్గా సరిపోయాయి.

ఒకదానికి వస్తే అన్నిటికీ వచ్చినట్టే. అందరికీ తాగే నీళ్లలో ఆంప్రోలియం, అయిదు రోజులు. డోసు మందు బలాన్ని బట్టి మారుతుంది, మీ డాక్టర్ని అడగండి. ఊక మొత్తం తీసి, నేలకి సున్నం కొట్టి, కొత్త ఊక వేశాను. ఒక హెచ్చరిక. పిల్లలు నీరసంగా ఉన్నాయని చాలామంది ఇదే నీళ్లలో బి కాంప్లెక్స్ కూడా కలుపుతారు. ఆంప్రోలియం పనిచేసేదే విటమిన్ బి1 వేషం వేసుకుని ఆ క్రిమిని ఆకలితో మాడ్చి. మనం అసలు బి1 పోస్తే మందు పని పోతుంది. బలం మందు కోర్సు అయ్యాకే. ఆ అయిదు రోజులూ నేను విటమిన్ ఎ, కె మాత్రం ఇచ్చాను.

సర్పంచ్ మూడో రోజుకి మళ్లీ తోపులాటకి దిగింది. ముందుగా పట్టుకున్నానని ఆ సాయంత్రం కాస్త గర్వపడ్డాను కూడా.

పేరు పెట్టనిది

ముప్పై రెండో రోజు తెల్లవారి, అంటే మందు మొదలుపెట్టిన మర్నాడు, పేరు పెట్టని పిల్ల గార్డు వారగా చచ్చిపడి ఉంది.

కోసి చూశాను. రెండు గుడ్డి పేగులూ గడ్డకట్టిన రక్తంతో ఉబ్బి ఉన్నాయి. గొంతు కింద మేతతిత్తి ఖాళీ. తూకం 260 గ్రాములు. ఆ రోజు మిగతా వాటిని ఒక్కొక్కటిగా తూస్తే అన్నీ 400కి అటూ ఇటూగా ఉన్నాయి. ఒక్కరోజు జబ్బుతో 140 గ్రాములు తగ్గదు. రెండు వారాల నుంచే అది సరిగా తినడం లేదు.

నేను ప్రతి ఆదివారం తూకం వేస్తూనే ఉన్నాను. అయితే అన్నిటినీ ఒకే గంపలో వేసి, 12తో భాగించి, సగటు రాసుకున్నాను. సగటు బాగానే పెరుగుతూ వచ్చింది. సర్పంచ్, బుల్లెట్ పెరిగింది ఆ పిల్ల పెరగనిదాన్ని కప్పేసింది. ఫారం అలవాటు అది. షెడ్డులో సగటే కావాలి. పెరట్లో అదే తూకం పనికిరాకుండా పోయింది.

అంతకన్నా నన్ను బాధపెట్టింది, దాని గురించి నా కాగితంలో రాసుకున్న మాటలు. "నెమ్మది. వెనక ఉంటుంది. చివర తింటుంది." ఇవే మాటలు రైతు చెప్తే నేను జబ్బు లక్షణాలని రాసుకుంటాను. ఇక్కడ గుణం అని రాశాను. మొదటి వారంలో గరిటెకి భయపడినప్పుడు అది గుణమే కావచ్చు. ఎప్పుడు అది గుణం కాకుండా పోయిందో నాకు తెలియదు, తెలిసే వీలు నేను పెట్టుకోలేదు. సర్పంచ్ నడవడిక మారింది కాబట్టి జబ్బు కనపడింది. దీనికి మారడానికేం లేదు. ఆరోగ్యంగా ఉన్నా వెనకే, జబ్బు చేసినా వెనకే.

"పేరు పెట్టుంటే చూసుకునేవాళ్లం కదమ్మా" అంది మా అమ్మాయి. పేరు కాదే, తూచాల్సింది అన్నాను. కానీ పేరున్నవాటినైతే ఆ రెండు వారాల్లో ఒక్కసారైనా ఎత్తుకుని ఉండేవాళ్లం. దాన్ని ఎత్తుకున్నట్టు మా ఇద్దరికీ గుర్తులేదు.

ఆ రోజు నుంచి రెండు పనులు మార్చాను. ఒకటి, మేత గిన్నెలు రెండు చేశాను, ఒకదాని నుంచి చూస్తే రెండోది కనపడకుండా ఎడంగా. పెత్తనం చేసేది ఒకేసారి రెండు చోట్ల ఉండలేదు. రెండోది, రాత్రి పిల్లలు పడుకున్నాక ఒక్కొక్కదాని మేతతిత్తిని వేళ్లతో తడిమి చూడటం. చీకట్లో కోడి గొడవ చెయ్యదు. కడుపు నిండిన పిల్లకి అక్కడ చిన్న నిమ్మకాయంత గట్టిగా తగులుతుంది. ఖాళీగా ఉంటే చర్మం జారుతుంది. పదకొండింటికీ కలిపి అయిదు నిమిషాలు పట్టదు. ధైర్యస్తురాలైనా పిరికిదైనా తిత్తి ఒకలాగే చెప్తుంది. ముందుండేవాటికి కళ్లు చాలు, వెనకుండేవాటికి చెయ్యి పెట్టాలి అని ఇప్పుడు మీటింగుల్లో చెప్తున్నాను.

బయటికి వదిలాక

ఆరు వారాలు నిండాక, డిసెంబరు మూడో వారంలో పెరట్లోకి వదిలాను. అప్పటికి అన్నీ కలిసి 20 కిలోల పైచిలుకు స్టార్టర్ మేత తిన్నాయి. మొదటి వారం అత్తయ్య నాటు గుంపుకీ మాకూ మధ్య వల కట్టి, చూసుకోనిచ్చి, తర్వాత వల తీశాను.

ఒంట్లో రెట్టింపు ఉన్నాయి మా పిల్లలు. తెలివిలో నాటువాటికి సగం కూడా లేవు. నాలుగో రోజు మధ్యాహ్నం గద్ద ఒకటి కొబ్బరిచెట్ల పైనుంచి తిరిగింది. నాటు పెట్ట గొంతులో సన్నగా ఒక్క కూత సాగదీసింది. దాని పిల్లలు మందారం పొద కిందికి ఎలా పోయాయో నేను చూడలేదు, అంత వేగం. మా పదకొండూ పెరడు మధ్యలో నిలబడి, తల పక్కకి వంచి, ఒక కన్నుతో ఆకాశంలోకి చూస్తున్నాయి, పెళ్లికి వచ్చిన చుట్టాలు పందిరి వంక చూసినట్టు. నేనే చప్పట్లు కొట్టి తోలాను.

తల్లి నేర్పేది తల్లి నేర్పుతుంది. గుడ్డులో ఉన్నప్పుడు పడే వెలుతురు పాత్ర కూడా కొంత ఉందని పరిశోధనల్లో తేలింది. గుడ్డులో పిల్ల కుడికన్ను పెంకు వైపు ఉంటుంది. వెలుతురు తగిలిన గుడ్ల పిల్లలు కుడికంటితో గింజలు ఏరుకుంటూ ఎడమకంటితో గద్ద కోసం కాపలా కాయగలవు. చీకట్లో పొదిగిన పిల్లలకి రెండు పనులూ ఒకేసారి అంత బాగా కుదరవు. పెట్ట మేతకి లేచినప్పుడల్లా గుడ్ల మీద వెలుతురు పడుతుంది. హేచరీ మెషీన్లో అది ఉండదు. మా పిల్లల మొద్దుతనానికి ఇదే కారణమని తేల్చి చెప్పను. తల్లి లేకపోవడమే పెద్ద కారణం అనుకుంటాను. మూడు వారాలకి మావి కూడా నాటు పెట్ట కూతకి పరుగెత్తడం నేర్చుకున్నాయి. అన్నిటికన్నా ముందు నేర్చుకున్నది మైకు, ఆశ్చర్యమేం లేదు.

బుల్లెట్ నేర్చుకోలేదు. పండక్కి వారం ముందు వెనక గోడ దాటి కాలవగట్టుకి పోయింది. ముంగిస పట్టింది. ఈకలు దొరికాయి. గరిటె దగ్గరికి నాలుగుసార్లూ ముందు వచ్చిన పిల్ల అది.

పుంజులు

తొమ్మిదో వారానికి నెత్తిన జుట్టు ఎర్రబడి ఎవరేమిటో తేలిపోయింది. ఆరు పెట్టలు, నాలుగు పుంజులు. సర్పంచ్ పుంజే అని ఇల్లంతా పందెం కాసింది, అది పెట్ట. ఈకలు దువ్వుకునే సింగారి పుంజు. కొంగు కూడా పుంజే. తాతయ్య పెట్ట అని తేలాక కూడా పేరు మార్చడానికి మా అమ్మాయి ఒప్పుకోలేదు.

పండగ ముందు మా గోదావరి జిల్లాల్లో పుంజు కనపడితే ఆగని మనిషి ఉండడు. పక్కవీధి ఆయన గోడ మీంచి చూసి "డాక్టరమ్మగారూ, ఆ డేగ రంగుది బరికి పనికొస్తుందేమోనండీ" అన్నాడు, సగం నవ్వుతూ. రంగు డేగే గాని అది వనరాజా, పోట్లాటకి తయారుచేసిన రకం కాదు. అయినా 1960 జంతుహింస నివారణ చట్టం కింద పందెం నేరమని తెలిసి కూడా కట్టేవాళ్ల కోళ్లకి కుట్లు వెయ్యాల్సొచ్చేది నాకే. ఆ మాటే అన్నాను. పది పక్షుల్లో నాలుగు పుంజులు ఎక్కువే. పెట్టల వీపుల మీద ఈకలు మిగలవు. పేరుకి తప్ప ఈ కేసులో పెద్దగా కనపడని రెండు పుంజులు కనుమ నాడు కూరయ్యాయి. మా అమ్మాయి పప్పుతో తింది.

కొంగు కథ వేరు. చీర కొంగులో పెరిగిన ఈ పుంజు మూడున్నర నెలలకి మా అత్తయ్య కాళ్ల మీదికి ఎగిరి గోళ్లతో గీరింది. వారంలో మూడుసార్లు. అంత ముద్దుగా పెరిగింది ఇలా అయిందేమిటి అని ఇంట్లో అందరూ నన్నడిగారు. ముద్దుగా పెరగడం వల్లే. మనిషంటే భయం లేకుండా పెరిగిన పుంజు ఈడుకి వచ్చాక మనిషిని కూడా తన గుంపులో ఇంకో కోడిగానే లెక్కేస్తుంది, పెత్తనం పరీక్షిస్తుంది. ఒళ్లో పెంచడానికి పెట్టపిల్లల్ని ఎంచుకోండి అని చెప్దామంటే, ఒకరోజు వయసులో ఏది పెట్టో మనకి తెలియదు. వెనక్కి పరుగెత్తకుండా, తన్నకుండా నిలబడి, అదే పక్కకి తప్పుకునే దాకా మెల్లగా దాని మీదికి నడవమని అత్తయ్యకి చెప్పాను. ఆవిడ రెండు రోజులు నా మాట విని మూడో రోజు చీపురు తిరగేసింది. చీపురు తర్వాత కొంగు ఆవిడ జోలికి పోలేదు. ఈ ఒక్క ఫలితం మా కాలేజీలో చెప్పిన దానికి విరుద్ధం, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మే నెల

పదింటిలో ఇప్పుడు ఎనిమిది ఉన్నాయి. ఆరు పెట్టలు, సింగారి, కొంగు. జూలైలో ఇంకో పది పిల్లల్ని తెస్తున్నాం. ఈసారి తూకం ఒక్కొక్కదానికీ విడిగా, పేపరు బదులు గోనెపట్టా, ముసురు పడితే ఊక మొత్తం మార్పు. పేర్లన్నీ మొదటి రోజే పెట్టెయ్యాలని మా అమ్మాయి ఇప్పటికే పది పేర్లు రాసి ఉంచింది.

మొదటి గుడ్డు సర్పంచే పెడుతుందని అందరం అనుకున్నాం. 26వ వారంలో ఒక పొద్దున ఉతికిన బట్టల బుట్టలో, అత్తయ్య లంగాల మధ్య, చిన్న గోధుమరంగు గుడ్డు. పక్కనే కుడికాలు ఈడ్చుకుంటూ కొక్కొక్కో అని ఊరేగుతున్నది ఎవరో చూసి, మా అమ్మాయి వీధంతా వినపడేలా కేకేసింది.

"నానమ్మా! తాతయ్య గుడ్డు పెట్టాడు!"